తంతుప్రసారణ క్షేత్రం

అయ్యవారు మా వీధి వెనక బయలు చేజారిన దిగులుతో చనిపోయాడని మా వీధిలో చెప్పుకుంటున్నారు. అది నిజం కాదు. ఆయన విరేచనాలు పట్టుకుని చనిపోయాడు. రెండు రోజులు పట్టింది. పాడె కడుతున్నప్పుడు కూడా అందరూ దిగులు మాటే అన్నారు తప్ప విరేచనాల మాట ఒక్కరూ ఎత్తలేదు. పోయిన మనిషికి కనీసం కారణమైనా గౌరవంగా ఉండాలనుకున్నారు కాబోలు.

మొన్న ఆదివారం ఎమ్మిగనూరులో, మా వీధి బడిలో సంతాపసభ జరిగింది. నేను ఆదోనిలో ఒక అచ్చాపీసులో కంపోజిటరుగా పని చేస్తున్నాను. వారం వారం బస్సెక్కి ఇంటికి వచ్చేవాణ్ణే కాబట్టి సభకు ప్రత్యేకంగా వచ్చానని చెప్పుకునే అవకాశం లేకపోయింది. అధ్యక్షుడు అరగంట మాట్లాడాడు. మాట్లాడినంతసేపూ "ఆయన లేని లోటు తీరనిది" అన్న ముక్కనే అటు తిప్పీ ఇటు తిప్పీ అన్నాడు. అయ్యవారు ఉంటే ఆ ముక్కకు ముందొక ఏనుగునూ వెనకొక పల్లకినీ తగిలించి, ఊరేగింపుగా పంపించి ఉండేవాడు.

ఆయనకు పేరు లేక కాదు. ఆ పేరు ఎవరూ వాడేవారు కాదు. పగలు మగ్గం నేసేవాడు, పొద్దు గుంకే ముందు మా వీధి పిల్లలకు బడి చెప్పేవాడు, అందుకని అందరికీ అయ్యవారే. నేతగాని కొడుకు, నేతగాడు. అయితే కలం పట్టుకుంటే మాత్రం ఏ రాజుగారి కొలువులోనో మొన్ననే సెలవు తీసుకుని వచ్చిన మనిషిలాగా రాసేవాడు. మాట్లాడటమూ అంతే, నలుగురి ముందర. ఇంట్లో భార్యతో మనలాగే "యాడ పెట్టినావే" అనేవాడు. గడప దాటితే ఆ 'యాడ' లోపలే ఉండిపోయేది.

బస్సులో ఆయన టికెట్టు అడగటం నేను చాలాసార్లు చూశాను. కండక్టరు వచ్చి నిలబడేవాడు. అయ్యవారు ఉత్తరీయం సర్దుకుని, "ఆదవానికి నొక చీటి దయసేయుఁడు" అనేవాడు. ఆదోని అని ఆయన నోట ఎప్పుడూ రాలేదు. పాత పేరు ఉండగా దాన్ని అరగదీసిన పేరుతో పిలవటం ఆయన దృష్టిలో మర్యాద కాదు. కండక్టరు ఒకసారి ఆయన్నూ, ఒకసారి నన్నూ చూసి, "యాడికంటప్పా ఈయన?" అని నన్ను అడిగేవాడు. ఆదోనికి అని నేను చెప్పేవాణ్ణి. పద్దెనిమిది మైళ్ల దారికి నేను దుబాసీని.

ఆయన అసలు ప్రసిద్ధి సన్మానపత్రాలు. మా తాలూకాకు ఏ అధికారి వచ్చినా, పోయినా ఒక పత్రం చదివి, చట్రం కట్టించి చేతికివ్వటం ఆచారం. మా వీధి తరఫున ఇరవై ఏండ్లుగా ఆయనే రాసేవాడు. ముందు దళసరి కాగితం మీద చుట్టూ అంచు వేసేవాడు. దీపపు మసితో నలుపు, పసుపుకొమ్ముతో పసుపు, నీలిమందుతో నీలం. రంగులన్నీ ఆయనే నూరుకునేవాడు, అందుకని కుడి చూపుడువేలి గోరు ఎప్పుడూ నీలంగానే ఉండేది. అంచులో అన్నపక్షులు, మామిడి పిందెలు, గుడిగోపురాలు. ఆయన తాత నేసిన చీరల అంచు అది, ఇప్పుడు ఎవరూ కొనరు. స్వరాజ్యం వచ్చాక పంచాయతీవాళ్లు జెండా వెయ్యమన్నారు, రాట్నం వెయ్యమన్నారు. జెండా కట్టటానికి కర్ర ఉంది కదా, కాగితం మీద ఎందుకన్నాడు. ఒక అధికారి భార్య ఆ అంచు చూసి బాతులు ఎంత బాగున్నాయో అంది. అయ్యవారు ఆ రోజంతా భోజనం మానేశాడని చెప్పుకున్నారు. అది కూడా నిజం కాదు. నేను పక్క విస్తరి ముందరే కూర్చున్నాను, రెండోసారి పాయసం అడిగాడు.

అంచు వేసిన ఆ కాగితాన్ని, రాసిన పాఠాన్ని చంకలో పెట్టుకుని మా అచ్చాపీసుకు వచ్చేవాడు. మధ్యలో ఖాళీగా ఉన్న చోట నేను అచ్చు వెయ్యాలి. ఆయన పాఠంలో అరసున్నలు జొన్నకంకికి పట్టిన పిచ్చికల్లాగా ఉండేవి. మా దగ్గర ఉన్నవి పదకొండు. ఆయనకు కావలసినవి అరవై. చాలవంటే పోనిమ్మనేవాడు కాదు. మొదటి పదకొండూ వేసి, తక్కిన చోట్ల ఖాళీ వదలమని, ఇంటికి తీసుకుపోయి ఒక్కొక్కటే సన్నకుంచెతో దిద్దుకునేవాడు.

ఆయన వాక్యాలు తయారయ్యే చోటు బయలు. మా వీధి వెనక వంద గజాల పొడవున చదునుగా ఉండేది. తెల్లారి గాలి లేవకముందే, మగ్గానికి ఎక్కించబోయే నూలు పడుగులు అక్కడికి తెచ్చి, కర్రల మీద బారుగా సాగదీసి, గంజి పట్టించి, అతుక్కున్న పోగులు విడేలాగా కుంచెతో ఈ కొస నుంచి ఆ కొసదాకా దువ్వాలి. ఎండ ముదిరేలోపల అయిపోవాలి. గంజి పట్టని నూలు మగ్గం మీద నిలవదు, బయలు లేకపోతే గంజి పట్టదు. మా వీధిలో ఎనభై మగ్గాలకు కూడు ఆ నేల మీదినుంచే వచ్చేది. అయ్యవారు తన పడుగు దువ్వుకుంటూ వాక్యం కట్టేవాడు. ఈ కొసన "శ్రీమదఖిల" అని మొదలుపెడితే ఆ కొస చేరేదాకా క్రియాపదం తగిలేది కాదు. పడుగు ఎంత పొడవో వాక్యం అంత పొడవు. పక్క పడుగువాళ్లకు అవన్నీ కంఠతా వచ్చేవి. అర్థం మాత్రం ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఆయన్ను అనుకరించటం నా పని. నాకు జీతం లేని ఉద్యోగం అదొక్కటే. కాఫీ హోటలులో కూర్చుని, "నిఖిల భోజనప్రియ హృదయాహ్లాదకరంబగు దధ్యోదనంబు నొక్క ముంత" అని నేను కేక వేస్తే, బల్లలు చరిచి నవ్వేవాళ్లు. ఒకసారి వెనకనుంచి ఆయనే వచ్చి నిలబడ్డాడని నేను చూడలేదు. నవ్వులు ఆగిపోయాయి. ఆయన కాసేపు ఆలోచించి, "పెరుగన్నమునకు అంత సమాసమక్కరలేదు నాయనా, అది పులియును" అని వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి నా అనుకరణకు గిరాకీ ఇంకా పెరిగింది.

ఆ భాష ఎందుకు పట్టుకున్నాడో ఒక్కసారే చెప్పాడు. మా అచ్చాపీసులో ప్రూఫు ఆరేదాకా కూర్చున్నప్పుడు, అడగకుండానే, మామూలు మాటల్లో. చిన్నప్పుడు వాళ్ల నాయన మగ్గం జప్తు అయిందట. తండ్రీకొడుకులు కచేరీకి పోయారు. వాళ్ల నాయన చేతులు కట్టుకుని చెప్పుకున్నాడు.

"మా నాయన మాట అయిపోకముందే ఆడుండే గుమాస్తా దాన్ని అదే యాసలో ఆయనకే అప్పజెప్పినాడు. పక్కోడు నవ్వి వాడూ అన్నాడు. మేము మెట్లు దిగేలోపల ముగ్గురు అన్నారు. మా నాయన మాట ఎవరి నోట్లోనైనా తిరుగుతుందప్పా. నా మాట తిరగకూడదనుకుంటి."

నేను వెంటనే, "నా నోట్లో తిరుగుతాంది కదా అయ్యవారూ" అన్నాను.

నవ్వాడు. "నువ్వు మన వీధోనివి కదప్పా" అన్నాడు.

అప్పుడు ఇద్దరం నవ్వాము. నేను ఇంకొంచెం ఎక్కువసేపు నవ్వాను.

ఇక ఆ బయలు సంగతి. అది ఎవరిదో కాగితం లేదు. తాతల నాటినుంచి వాడుకుంటున్నారు, ఎవరూ అడ్డం చెప్పలేదు. అయినా అయ్యవారు రాసిన ప్రతి సన్మానపత్రంలోనూ, అధికారిగారి కీర్తి దిక్కులన్నీ తిరిగి అలసిపోయాక, చివరికి ముందు వచ్చే వాక్యంలో ఒక ముక్క ఉండేది: "అస్మత్పితృపితామహ పరంపరానుభూతంబగు తంతుప్రసారణ క్షేత్రంబును కరుణార్ద్ర కటాక్షంబులఁ బరిరక్షింతురు గాక." మా తాతముత్తాతల నుంచి అనుభవిస్తున్న పడుగుల బయలును కాపాడండి అని దాని అర్థం. తాలూకా బళ్లారి జిల్లాలో ఉన్నన్నాళ్లు వచ్చిన అధికారుల్లో సగం మందికి తెలుగే రాదు. వాళ్లు తల ఊపేవాళ్లు. కర్నూలు కిందికి మారాక వచ్చినవాళ్లకు తెలుగు వచ్చు, ఈ తెలుగు రాదు. వాళ్లు ఇంకా గట్టిగా తల ఊపేవాళ్లు. పరిశీలిస్తామనేవాళ్లు. ఏం పరిశీలించాలో వాళ్లకు తెలియదు. పూలదండ, పత్రం పుచ్చుకుని జీపెక్కేవాళ్లు. మర్నాడు తెల్లారి బయలులో పడుగులు సాగేవి.

ఈ తల ఊపుళ్లు చూసి చూసి నాకు ఒళ్లు మండింది. ఇరవై ఏండ్లుగా అడుగుతున్నాము, అడుగుతున్నట్టు ఎవరికీ తెలియదు. దీనికంటే గోడకు చెప్పుకోవటం మేలు, గోడకు పాయసం పెట్టక్కరలేదు. నేను వీధికి ఉపకారం చెయ్యాలనుకున్నాను. పాతికేండ్ల వయసులో కొందరికి మొటిమలు పోతాయి, నాకు ఇది వచ్చింది.

కిందటేడు కొత్త అధికారి వచ్చాడు. కోస్తావైపు మనిషి, చదువరి, ఫైలు అడుగునుంచి పైదాకా చదువుతాడని పేరు. సన్మానం ఏర్పాటయింది. అయ్యవారు అంచు వేసిన కాగితం, పాఠం ఇచ్చి వెళ్లాడు. నేను అంతా కూర్చాను. కిందిభాగంలో, "ఇట్లు తమ విధేయులు" అన్న దానికి పైన, నాలుగు పంక్తుల చోటు మిగిలింది. ఎవరికీ చెప్పకుండా చిన్న అక్షరాల్లో ఇది పెట్టాను:

"అయ్యా, మా వీధి వెనక ఉన్న బయలు సర్కారు పోరంబోకు. తాతల కాలం నుంచి అక్కడ పడుగులకు గంజి పెట్టుకుంటున్నాము. మాకు పట్టా లేదు. దయచేసి ఆ స్థలం మాకు ఇప్పించండి."

ఎనభై మగ్గాలవాళ్లు చెప్పలేనిది నాలుగు ముక్కల్లో చెప్పానని నాకు ఎంత సంతోషమయిందంటే, ఆ సాయంత్రం హోటలులో అందరికీ నేనే కాఫీ ఇప్పించాను. ఎందుకో చెప్పలేదు. చట్రం కట్టించి, పట్టుగుడ్డ చుట్టి, సన్మానం రోజున నేనే బస్సులో తీసుకువచ్చాను. అయ్యవారు ఆ కాగితం చూడనేలేదు. ఆయన ఎప్పుడూ చూసి చదవడు, కంఠతా చదువుతాడు. అరసున్నలు దిద్దాలి కదా అని అడిగితే టైము లేదని అబద్ధం చెప్పాను.

సభ బడిలోనే. అయ్యవారు నిలబడి కళ్లు మూసుకుని పడుగంత వాక్యాలు చదివాడు. అధికారి వింటూ, చేతికిచ్చిన చట్రం మీది గుడ్డ తొలగించి చూశాడు. పైనుంచి కిందికి కళ్లు జారాయి. అడుగున ఆగాయి. అయ్యవారు కూర్చున్నాక ఆయన లేచి ఆ నాలుగు పంక్తులూ పైకి చదివాడు. చక్కటి గొంతు. చివరి బెంచీలో ఉన్న ముసలమ్మలకు కూడా అర్థమయింది.

"నేను ఎన్నో పత్రాలు పుచ్చుకున్నాను. ఇంత సూటిగా రాసింది ఇదే మొదటిది" అన్నాడు. "బజారుకు దగ్గరలో గోదాముకు సర్కారు స్థలం కోసం రెండు నెలలుగా వెతికిస్తున్నాను. మీరే చూపించారు. మీకు ఊరి బయట వాగు అవతల చోటు చూపించమని చెబుతాను."

ఎవరో ఒకరిద్దరు చప్పట్లు కూడా కొట్టారు, అలవాటు కొద్దీ.

అధికారి అయ్యవారి వైపు తిరిగి అడిగాడు. "ఈ కింది పంక్తులు కూడా మీరు రాసినవేనా?"

అయ్యవారు లేచాడు. ఆ చట్రం వంక చూశాడు. అచ్చు ఎవరి చేతిమీదుగా పోతుందో ఆయనకు తెలుసు. జనంలో వెతుక్కోకుండా తిన్నగా నేను నిలబడ్డ కిటికీవైపు చూశాడు. తుమ్ము వచ్చి ఆగిపోయినంతసేపు. తరువాత అధికారికి చేతులు జోడించాడు.

"చిత్తము" అన్నాడు.

నలభై రోజుల్లో రాతికూసాలు పాతి తీగ చుట్టారు. "ప్రవేశము నిషేధము" అని పలక కట్టారు. వాగు అవతల చూపించిన చోటు చూడటానికి మా వాళ్లు పోయారు. అన్నీ రాతిగుండ్లు. తడి పడుగు అంత దూరం మోసుకుపోయేలోపల ఎండ నడినెత్తికి వస్తుంది. చేసేది లేక పడుగులు వీధిలోనే సాగదీయటం మొదలుపెట్టారు. ఒక తెల్లవారి పత్తిబండి వచ్చింది, ఎద్దు బెదిరింది. ఎద్దుకు ప్రవేశ నిషేధం లేదు. మా నాయన పడుగు నడిమికి తెగిపోయింది. ఆయన రెండు కొసలూ చేతుల్లో పట్టుకుని వీధి మధ్యన కూర్చుంటే, బండివాడు పక్కకు జరగమని అడిగాడు, మర్యాదగానే. ఆరు నెలలు తిరిగేలోపల పదిమంది మగ్గాలు విప్పి ఆదోని పత్తి మిల్లుల్లో కూలికి పోయారు. వాళ్లు సాయంత్రం పత్తి దుమ్ముతో తెల్లగా మా అచ్చాపీసు ముందునుంచి పోయేవాళ్లు. నేను తల వంచుకుని అక్షరాలు ఏరుకునేవాణ్ణి. పనిమీద ఎంత శ్రద్ధో అని మా యజమాని మెచ్చుకున్నాడు.

వీధి అయ్యవారి మీద పడింది. ఆయన ఇంటి ముందర నిలబడి మా పెదనాయన అడిగిన మాట నాకు గుర్తు. "ఇరవై ఏండ్లు ఎవనికీ అర్థం కాకుండా రాసినావు కదయ్యా, సల్లగా బతికినాము. ఈ ఒక్కసారికి నీకేం పుట్టింది?" అయ్యవారు అరుగుమీద నూలు చుట్టుకుంటూ విన్నాడు.  పిల్లల్ని బడికి పంపటం మానేశారు. పండక్కి పద్యం అడగటం మానేశారు. మా అమ్మ నాకు అన్నం పెడుతూ పెడుతూ ఆయన్ను తిట్టేది, ఆ నాలుగు ముక్కలు రాసిన చెయ్యి పడిపోవాలని. నేను ఆ చేత్తోనే మజ్జిగ కలుపుకునేవాణ్ణి.

చివరికి ఒక ఆదివారం మధ్యాహ్నం పోయాను. అరుగుమీద ఒక్కడే ఉన్నాడు. నేను గొంతు సవరించుకుని, "ఆ కింది నాలుగు పంక్తులు..." అని మొదలుపెట్టాను.

"బాగా రాసినావప్పా" అన్నాడు. "నాకు రాదు అట్లా."

వెటకారం అనుకుని ముఖంలోకి చూశాను. కాదు. అది వెటకారమైతే నేను తట్టుకునేవాణ్ణి, ఆ వృత్తి నాదే.

 ఏదో ఒకటి అడగాలని అడిగాను. "ఇన్నేండ్లు వాళ్లకు అర్థం కాకుండా రాసింది కావాలనేనా?"

పోగు తెగింది. ముడి వేసుకున్నాడు.

"మనం అడిగినట్టు ఉండల్ల. వాళ్లు విన్నట్టు ఉండల్ల. ఆ నేల ఎవురిదని ఎవురూ పోయి దస్తరం తెరిసి సూడకుండా ఉండల్ల. అంతే కదప్పా."

నాకు ముందే చెప్పి ఉంటే అన్నాను. చెబితే నువ్వు దాన్ని కూడా హోటలులో చదువుతావు కదప్పా అన్నాడు. అది నిజం. నేను చదివేవాణ్ణే, అభినయంతో సహా.

"పదండి, వీధిలో నిజం చెప్పేస్తాను" అన్నాను. లేచాను కూడా. లేచేటప్పుడు, ఆయన ఆపితే బాగుండునని మనసులో ఉంది. నా మనసు చదవటానికి ఆయనకు నిఘంటువు అక్కరలేకపోయింది.

"కూచో" అన్నాడు. "నాకు అరవై మూడు. నన్ను తిడితే ఎన్నేండ్లు తిడతారు? నిన్నైతే నలభై ఏండ్లు తిడతారు. నీకింకా పెండ్లి కావల్ల. నీ బిడ్డల్ని కూడా అదే మాట అంటారు. నాకు పిల్లలా జెల్లలా. నేను రాసినాననే అనుకోనీ." పోగు కొస తుంచి, "అయితే ఒకటి. అది నా తెలుగని నమ్మినారే, ఇంతమందిలో ఒక్కడైనా ఇది అయ్యవారి చెయ్యి కాదనలేదే. అదే నాకు..." అని ఆపేశాడు.

ఎంత కష్టమైనా ఆయన వాక్యం అటకెక్కించి వదిలేసిన మనిషి కాదు. ఆ రోజు మాత్రం క్రియాపదం లేకుండానే లోపలికి పోయాడు. నేను కూర్చునే ఉన్నాను. తరువాత లేచి బస్సుకు పోయాను. వీధిలో ఎవరికీ ఏమీ చెప్పలేదు. కూచోమన్నాడు కదా, పెద్దవాళ్ల మాట వినాలి.

ఆ సన్మానం జరిగి ఇప్పటికి ఎనిమిది నెలలు. మొన్నటి సంతాపసభలో మా పెదనాయన కూడా లేచి మాట్లాడాడు. పోయినాయన్ను ఇంక తిట్టకూడదు, పెద్దాయన చివరి రోజుల్లో మనకు మేలు చెయ్యాలనే అందరికీ అర్థమయ్యేట్టు రాసినాడు, మన రాత బాగలేదు అన్నాడు. అందరూ ఒప్పుకున్నారు. మా అమ్మ కళ్లు తుడుచుకుంది. పక్కన కూర్చున్న ఆయన భార్య నావైపు ఒకసారి చూసి తల దించుకుంది. ఆమెకు తెలుసునని అప్పుడు నాకు తెలిసింది.

అయ్యవారు వేసిన అంచనా ఒక్క విషయంలో తప్పింది. తనను కొన్నేండ్లయినా తిడతారనుకున్నాడు, వీధి ఆయన్ను ఎనిమిది నెలలే తిట్టి అలసిపోయింది. ఆ నాలుగు పంక్తులు రాసింది నేను. కంపోజు చేసిందీ నేనే. ఇది అచ్చులో చదివినవాళ్లు ఈ రోజు నుంచే నన్ను తిట్టటం మొదలుపెట్టవచ్చు. నాకిప్పుడు ఇరవై ఆరు.